‘తలలో నీరుంది’ అన్నారా? కడుపులో బిడ్డ మెదడు గురించి స్కాన్ ఏం చెప్తుంది, ఎప్పుడు చెప్తుంది

ఐదో నెల టిఫా స్కాన్ చేయించుకుని రిపోర్టుతో బయటికి వచ్చిన చాలా కుటుంబాల్లో వినిపించే మాట ఒకటుంది. ‘బిడ్డ తలలో నీరు ఉందంట.’ ఇంటికి చేరేసరికి అది ‘తల పెద్దదైపోతుందంట’, ‘బుద్ధి ఎదగదంట’ దాకా పోతుంది. అత్తగారు ఒకటంటారు, ఖాలా ఇంకొకటంటుంది, ఎవరో ఫోన్‌కి ఒక వీడియో పంపిస్తారు. కడుపుతో ఉన్న అమ్మాయికి మాత్రం ఆ రాత్రి నిద్ర ఉండదు. తీరా చూస్తే రిపోర్టులో ఉన్నది ఒక్క లైను: ‘లాటరల్ వెంట్రికల్ 10.4 మి.మీ.’

ఆ లైనుకి అర్థం తెలిస్తే భయం సగం తగ్గుతుంది. అయితే ఇంకో సంగతి కూడా ఉంది. నిజంగానే పెద్ద లోపం ఉన్నప్పుడు, అది ఏ వారంలో బయటపడింది అనేదాన్ని బట్టి కుటుంబం ముందున్న దారులు మారిపోతాయి. స్కాన్‌ను వాయిదా వేసే ఇళ్లలో ఎవరూ లెక్కలోకి తీసుకోనిది ఇదే.

నీరు ప్రతి బిడ్డ తలలోనూ ఉంటుంది

మెదడు లోపల ద్రవం నిండిన గదుల్లాంటివి ఉంటాయి. వాటినే వెంట్రికల్స్ అంటారు. కోరాయిడ్ ప్లెక్సస్ అనే మెత్తటి కణజాలం ఆ ద్రవాన్ని తయారుచేస్తూ ఉంటుంది. అది మెదడు, వెన్నుపాముల చుట్టూ తిరిగి చివరికి రక్తంలో కలిసిపోతుంది. మెదడుకి దెబ్బ తగలకుండా మెత్తలాగా కాపాడేది ఈ ద్రవమే. అంటే తలలో నీరు లేని బిడ్డ ఉండదు. స్కాన్‌లో చూసేది నీరు ఉందా లేదా అని కాదు, ఆ గది ఎంత వెడల్పుగా ఉంది అని.

గీత ఎక్కడుందంటే 10 మిల్లీమీటర్ల దగ్గర. ఐదో నెల నుంచి కాన్పు దాకా ఈ వెడల్పు 10 లోపు ఉంటే మామూలే. 10 నుంచి 12 వరకు ఉంటే స్వల్పం, 13 నుంచి 15 అయితే మధ్యస్థం, 15 దాటితే తీవ్రం. వేరే ఏ లోపమూ కనపడకుండా 10 నుంచి 12 మధ్య మాత్రమే ఉన్న బిడ్డల్లో పదిమందికి తొమ్మిదిమంది కంటే ఎక్కువే మామూలుగా ఎదుగుతారు. ఈ మాట రిపోర్టులో రాసి ఉండదు. డాక్టరుని అడగాలి.

అలాగని ఆ లైనుని పక్కన పడేయకూడదు. ‘వేరే ఏ లోపమూ లేకుండా’ అనే షరతే అక్కడ అసలైనది. అది తేల్చడానికి ఫీటల్ మెడిసిన్ నిపుణుల దగ్గర ఇంకోసారి వివరంగా స్కాన్ చేయించాలి. సైటోమెగలోవైరస్, టాక్సోప్లాస్మా లాంటి ఇన్ఫెక్షన్లకు తల్లి రక్తం పరీక్ష చేస్తారు. క్రోమోజోముల లెక్క చూడటానికి ఉమ్మనీరు పరీక్ష చేయించుకోమని చెప్పవచ్చు. కొన్ని వారాలు ఆగి మళ్లీ కొలుస్తారు. గది అలాగే ఉందా, తగ్గిందా, పెరుగుతోందా అనేది మొదటి కొలత కంటే ఎక్కువ విషయం చెప్తుంది. వ్యాపారం చేసేవాళ్లకి తెలిసిందే, బ్యాలెన్స్ షీట్ ఆ ఒక్క తేదీ నాటి పరిస్థితినే చూపిస్తుంది. స్కాన్ కూడా అంతే.

భయపెట్టే ఇంకో పదం ‘కోరాయిడ్ ప్లెక్సస్ సిస్ట్’. సిస్ట్ అనగానే గడ్డ అనుకుంటారు. ఇది ద్రవం తయారయ్యే ఆ కణజాలంలో చిన్న నీటి బుడగ మాత్రమే. ఐదో నెలలో వందమందిలో ఒకరిద్దరు బిడ్డలకు కనపడుతుంది. మిగతా అవయవాలన్నీ బాగుండి, క్రోమోజోముల స్క్రీనింగ్‌లో కూడా తేడా లేకపోతే దీనివల్ల మెదడుకి ఏ హానీ లేదు. ఏడో నెల వచ్చేసరికి చాలావరకు దానంతట అదే మాయమవుతుంది.

మెదడుని ఎలా చూస్తారు

అల్ట్రాసౌండ్‌లో ఎక్స్‌రే ఉండదు. చెవికి వినపడనంత పై స్థాయి శబ్దాన్ని పొట్ట మీది నుంచి పంపించి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో బొమ్మ గీస్తారు. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే డాక్టరు తన తోటివాళ్లతో కలిసి 1958లో ఈ పద్ధతి గురించి వ్యాసం ప్రచురించారు. 1972కల్లా లండన్‌లో స్టూవర్ట్ కాంప్‌బెల్ బృందం పుర్రె ఏర్పడని బిడ్డని కడుపులో ఉండగానే దీనితో గుర్తించగలిగింది. అప్పట్లో మచ్చలు మచ్చలుగా కనిపించిన బొమ్మ ఇప్పుడు మిల్లీమీటరు తేడాని కూడా చూపిస్తోంది.

టిఫా స్కాన్‌కి సరైన సమయం 18 నుంచి 22 వారాల మధ్య. తల విషయంలో డాక్టరు చూసేది ముఖ్యంగా మూడు అడ్డకోతల్లో. పుచ్చకాయని మూడు చోట్ల అడ్డంగా కోసి చూసినట్టు అనుకోవచ్చు. ఒక కోతలో నీటి గదులు కొలుస్తారు. ఇంకో కోతలో తల చుట్టుకొలత, అడ్డం తీసుకుంటారు. మూడోది కొంచెం వెనక్కి వంచి చిన్నమెదడుని చూసేది. చిన్నమెదడు విషయంలో గుర్తుపెట్టుకోడానికి తేలికైన లెక్క ఒకటుంది. ఈ దశలో దాని వెడల్పు మిల్లీమీటర్లలో ఎంతో, గర్భం వారాలు దాదాపు అంతే. 20 వారాలకు సుమారు 20 మిల్లీమీటర్లు.

ఈ మూడో కోత నుంచే వైద్యంలో ఒక చక్కటి ఉపాయం పుట్టింది. వెన్నుపూస మూసుకోకుండా ఉండిపోయే లోపం, అదే స్పైనా బిఫిడా, చిన్నదైతే వెన్నులో నేరుగా పట్టుకోవడం కష్టం. 1986లో లండన్‌లో కైప్రోస్ నికొలాయిడెస్ బృందం దాన్ని తలలోనే పట్టుకోవచ్చని చూపించింది. వెన్ను తెరుచుకుని ఉంటే మెదడు చుట్టూ ఉన్న ద్రవం అక్కడి నుంచి కారిపోతుంది. దాంతో మెదడు వెనకభాగం మెడ వైపు కిందికి జారుతుంది. చిన్నమెదడు వంగిపోయి అరటిపండు ఆకారంలో కనపడుతుంది. నుదుటి దగ్గర పుర్రె రెండు పక్కలా లోపలికి నొక్కుకుని తల నిమ్మకాయలా అవుతుంది. అందుకే రిపోర్టులో ‘లెమన్ సైన్’, ‘బనానా సైన్’ అనే వింత పేర్లు కనిపిస్తాయి. నొప్పి ఒకచోట, గుర్తు ఇంకోచోట అన్నట్టు, వెన్ను సంగతి తల చెప్తుంది.

స్కాన్‌కి కొన్ని ఇబ్బందులు కూడా ఉన్నాయి. ప్రోబ్‌కి దగ్గరగా ఉన్న మెదడు సగం మసకగా, అవతలి సగం స్పష్టంగా కనపడుతుంది. బిడ్డ వెనక్కి తిరిగి పడుకుంటే కొన్ని కోతలు దొరకవు. తల్లి బరువు ఎక్కువైతే బొమ్మ తేలిపోతుంది. ‘కాసేపు నడిచి రండి’ అని పంపించినా, ‘వచ్చే వారం మళ్లీ రండి’ అన్నా డబ్బుల కోసం కాదు. నెలలు నిండే కొద్దీ పుర్రె గట్టిపడి శబ్దాన్ని అడ్డుకుంటుంది. అప్పుడు బిడ్డ తల కిందికి ఉంటే లోపలి నుంచి, మాడు మెత్తగా ఉన్నచోట గుండా చూసే స్కాన్ బాగా పనిచేస్తుంది. ఆ స్కాన్ బిడ్డకి ప్రమాదం కాదు. సిగ్గుపడి వద్దనేవాళ్లు చాలామంది. మహిళా సోనాలజిస్ట్ కావాలని అడగడంలో తప్పేమీ లేదు, ముందురోజు ఫోన్ చేసి అడిగితే చాలా సెంటర్లలో ఏర్పాటు చేస్తారు.

20 వారాలకు మెదడు ఇంకా పూర్తి కాలేదు

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. పెద్దవాళ్ల మెదడు వాల్‌నట్ గుజ్జులా మడతలు మడతలుగా ఉంటుంది కదా. 20 వారాల బిడ్డ మెదడు పైభాగం దాదాపు నున్నగా ఉంటుంది. మడతలు ఎక్కువగా పడేది ఆ తర్వాతే. కాబట్టి మడతలు పడకపోవడం అనే జబ్బుని టిఫా స్కాన్‌లో పట్టుకోవడం కష్టం. ఆ సమయానికి అందరు బిడ్డల మెదళ్లూ నున్నగానే ఉంటాయి మరి. కుడి, ఎడమ మెదడుల్ని కలిపే వంతెన లాంటి భాగం, కార్పస్ కలోసమ్, 18 నుంచి 20 వారాల మధ్యే పూర్తి ఆకారానికి వస్తుంది. 17 వారాలకే తొందరపడి స్కాన్ చేయిస్తే అది కనపడకపోవచ్చు. సైటోమెగలోవైరస్ లాంటి ఇన్ఫెక్షన్ మెదడులో చూపించే మార్పులు కూడా ఐదో నెలలో లేకుండా ఏడో నెలలో కనిపించవచ్చు.

అందుకే ‘టిఫా నార్మల్’ అంటే ఆ రోజుకి, ఆ వారానికి చూడగలిగినవన్నీ బాగున్నాయి అని అర్థం. ఇంతకుముందు బిడ్డకి మెదడు జబ్బు ఉన్నవాళ్లు, గర్భంలో జ్వరం, దద్దుర్లు వచ్చినవాళ్లు 28 నుంచి 32 వారాల మధ్య ఇంకోసారి తల చూపించుకోవడం మంచిది. మూర్ఛకి మందులు వాడుతున్నవాళ్లకి, ముఖ్యంగా వాల్‌ప్రోయేట్ వాడేవాళ్లకి, వెన్ను, మెదడు లోపాల ముప్పు ఎక్కువ. వాళ్లు గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడాలి. సొంతంగా మందు ఆపేయడం ఇంకా ప్రమాదం.

స్కాన్‌లో అనుమానం వచ్చి స్పష్టత రానప్పుడు బిడ్డకి ఎమ్మారై చేస్తారు. దానిలో కూడా ఎక్స్‌రే ఉండదు. బ్రిటన్‌లో 570 మంది బిడ్డల మీద చేసిన మెరిడియన్ అనే అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. అనుమానం వచ్చిన కేసుల్లో అల్ట్రాసౌండ్ ఒక్కదానితో 68 శాతం సరైన నిర్ధారణ జరిగితే, ఎమ్మారై కూడా కలిపితే అది 93 శాతానికి చేరింది. ఖర్చు ఉన్న పరీక్షే. కానీ పెద్ద నిర్ణయం తీసుకోవాల్సి వచ్చినప్పుడు ఆ 68కీ 93కీ మధ్య తేడా చిన్నది కాదు.

వారాల లెక్కలో వచ్చే తప్పు

‘తల చిన్నగా ఉంది’ అన్న మాటకి చాలాసార్లు కారణం మెదడు కాదు, క్యాలెండరు. చివరి నెలసరి తేదీ సరిగ్గా గుర్తులేక, లేదా పాలిచ్చే తల్లి నెలసరి రాకుండానే మళ్లీ గర్భం దాల్చి, లెక్క మూడు వారాలు ముందుకి జరిగిందనుకుందాం. 17 వారాల తలని 20 వారాల కొలతతో పోలిస్తే చిన్నగానే కనపడుతుంది. మొదటి మూడు నెలల్లో బిడ్డ పొడవు కొలిచి వారాలు నిర్ణయిస్తే ఈ గొడవే ఉండదు. తర్వాత చేసే స్కాన్లన్నీ ఆ లెక్క మీదే నిలబడతాయి.

పన్నెండో వారం స్కాన్ ఎందుకు మానకూడదో చెప్పే మొదటి కారణం ఇది. 11 నుంచి 14 వారాల మధ్య చేసే ఈ ఎన్‌టీ స్కాన్‌ని ‘మెడ వెనక నీరు చూసే స్కాన్’గానే చాలామంది గుర్తుపెట్టుకుంటారు. కానీ పుర్రె పైభాగం ఏర్పడకపోవడం, మెదడు రెండు భాగాలుగా విడిపోకపోవడం, తల వెనక నుంచి మెదడు బయటికి పొడుచుకురావడం లాంటి అతి పెద్ద లోపాలు చాలావరకు ఈ వారాల్లోనే కనపడతాయి. ‘మూడో నెలలో స్కాన్ ఎందుకు, ఐదో నెలలో ఒకేసారి చేయిద్దాం’ అనే ఇళ్లు ఇక్కడ రెండు నెలలు పోగొట్టుకుంటున్నాయి.

ఆ రెండు నెలల విలువ ఏమిటో చట్టం వైపు నుంచి, షరియత్ వైపు నుంచి కూడా చూడాలి. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం సరిపోతుంది. 20 నుంచి 24 వారాల వరకు, చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో, ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలి. 24 దాటితే బిడ్డకి తీవ్రమైన లోపం ఉందని రాష్ట్ర మెడికల్ బోర్డు తేల్చాలి. బోర్డు మూడు రోజుల్లో అభిప్రాయం చెప్పాలని నిబంధన.

ఫిఖ్ విషయానికొస్తే, ముస్లిం వరల్డ్ లీగ్‌కి చెందిన ఫిఖ్ మండలి 1990 ఫిబ్రవరిలో మక్కాలో జరిగిన 12వ సమావేశంలో దీని మీద తీర్మానం చేసింది. వైద్యం లేని తీవ్రమైన లోపం ఉందని నమ్మకస్తులైన నిపుణ డాక్టర్ల బృందం తేల్చి, తల్లిదండ్రులు కోరితే, 120 రోజుల లోపు గర్భస్రావానికి అనుమతి ఉందనీ, 120 రోజులు దాటాక తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప లోపం కారణంగా అనుమతి లేదనీ దాని సారాంశం. ఉలమాల మధ్య దీనికంటే కఠినమైన అభిప్రాయాలు కూడా ఉన్నాయి. ఎవరి మస్‌లక్ ప్రకారం వాళ్లు తమ ఆలిమ్‌ని అడుగుతారు.

కానీ అడగడానికి ముందు ఒక లెక్క సరిచూసుకోవాలి. 120 రోజులు అనేది గర్భం నిలిచిన రోజు నుంచి. డాక్టర్లు లెక్కపెట్టేది చివరి నెలసరి మొదటి రోజు నుంచి, అంటే సుమారు రెండు వారాలు ముందు నుంచి. 120 రోజులంటే 17 వారాల ఒక రోజు. దానికి రెండు వారాలు కలిపితే డాక్టరు రిపోర్టులో 19 వారాల ఒక రోజు. చాలామంది టిఫా చేయించుకునేది 20, 21 వారాల్లో. రిపోర్టు చేతికొచ్చి, రెండో అభిప్రాయం తీసుకుని, ఆలిమ్ దగ్గరికి వెళ్లేసరికి ఆ గడువు దాటిపోయే ఉంటుంది. పన్నెండో వారంలో చూపించుకున్నవాళ్లకి కనీసం ఆలోచించుకోడానికి సమయం ఉంటుంది. గత కాన్పులో లోపం ఉన్నవాళ్లు 16 వారాల దగ్గర ముందస్తు వివర స్కాన్ గురించి డాక్టరుని అడగవచ్చు.

ముందే తెలుసుకోవడం గర్భం తీయించుకోడానికే అనుకోకూడదు. బిడ్డని ఉంచుకోవాలనుకున్న కుటుంబానికి కూడా అంతే అవసరం. స్పైనా బిఫిడా ఉన్న బిడ్డకి పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లోనే ఆపరేషన్ చేస్తారు. అలాంటి కాన్పు పిల్లల న్యూరోసర్జన్, నవజాత శిశువుల ఐసీయూ ఉన్న ఆస్పత్రిలో జరగాలి. ఊళ్లో కాన్పై, అంబులెన్సులో హైదరాబాద్‌కో విజయవాడకో పరిగెత్తడం కంటే అది ఎంతో నయం.

మేనరికం సంగతి

ఖాలా కొడుకు, ఫుప్పూ కూతురు లాంటి దగ్గరి సంబంధాలు మన ఇళ్లలో మామూలే. తెలుగు హిందూ కుటుంబాల్లోనూ మేనమామ, మేనబావ సంబంధాలు ఉన్నాయి. కాబట్టి దీన్ని ఒక మతానికి అంటగట్టడం సరికాదు. లెక్క మాత్రం తెలుసుకోవాలి. ఇంగ్లాండ్‌లోని బ్రాడ్‌ఫోర్డ్‌లో వేలమంది పిల్లల మీద జరిగిన అధ్యయనం ఫలితాలు 2013లో వచ్చాయి. పుట్టుకతో లోపం ఉండే అవకాశం మామూలుగా వందలో 3 ఉంటే, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లల మధ్య పెళ్లిళ్లలో అది 6 దాకా ఉంది. రెట్టింపు అన్నది నిజం. వందలో 94 మంది బిడ్డలకి లోపం లేదన్నదీ నిజం.

అసలు జాగ్రత్త కావాల్సింది ఒకసారి దెబ్బ తిన్న కుటుంబాలకి. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే జన్యులోపం దాగి ఉండి బిడ్డకి వస్తే, తర్వాతి ప్రతి గర్భంలోనూ నలుగురిలో ఒకరికి వచ్చే అవకాశం ఉంటుంది. మెకెల్ గ్రూబర్ అనే జబ్బు అలాంటిదే. తల వెనక నుంచి మెదడు పొడుచుకురావడం, కిడ్నీల నిండా నీటి బుడగలు, చేతికి ఆరు వేళ్లు దాని గుర్తులు. పుట్టుకతో తల బాగా చిన్నగా ఉండే జబ్బుల్లో కొన్ని కూడా ఈ కోవలోవే. ‘నజర్ తగిలింది’, ‘గ్రహణం పట్టింది’ అని సరిపెట్టుకుని మొదటి బిడ్డకి జన్యుపరీక్ష చేయించకపోతే, రెండో గర్భంలో ఏం వెతకాలో డాక్టరుకీ తెలియదు. మెకెల్ గ్రూబర్ లాంటిది పన్నెండో వారంలోనే కనపడవచ్చు. చిన్న తల జబ్బులు ఆరు, ఏడు నెలల దాకా కనపడకపోవచ్చు. అక్కడ స్కాన్ కంటే జన్యుపరీక్షే ముందు చెప్తుంది.

ఇక గర్భం రాకముందు చేసుకోగలిగింది ఫోలిక్ యాసిడ్. మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతి కూడా సరిగ్గా తెలియదు. రెండో నెలలో మొదలుపెట్టిన మాత్ర ఈ పనికి ఆలస్యమే. నికాహ్ అయ్యి పిల్లల కోసం చూస్తున్నప్పటి నుంచే రోజుకి 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. ఇంతకుముందు బిడ్డకి ఈ లోపం వచ్చి ఉంటే డాక్టరు 4, 5 మిల్లీగ్రాముల మోతాదు ఇస్తారు. 1991లో వచ్చిన బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ అధ్యయనంలో ఇలాంటి తల్లులకి 4 మిల్లీగ్రాములు ఇస్తే లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. మాత్ర ధర చూస్తే ఇంత లాభం ఇచ్చే పెట్టుబడి ఇంకొకటి దొరకదు.

స్కాన్ చెప్పలేనివి

తెలివితేటలు, ఆటిజం, మాటలు ఎప్పుడొస్తాయి, చదువులో ఎలా ఉంటాడు అనేవి ఏ స్కాన్‌లోనూ కనపడవు. కాన్పు సమయంలో ఊపిరి అందక మెదడుకి జరిగే నష్టం ముందుగా తెలిసేది కాదు. ఆడా మగా అన్నది కనపడినా చెప్పకూడదు, అడగకూడదు. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద అది నేరం. ప్రతి స్కాన్‌కీ ఫారం ఎఫ్ నింపించేది అందుకే. ఆధార్ అడిగారని కంగారు పడక్కర్లేదు.

ఖర్చుకి వెనకాడేవాళ్లు తెలుసుకోవాల్సింది, తెలంగాణలో 2022 నవంబరులో 44 ప్రభుత్వ ఆస్పత్రుల్లో 56 టిఫా యంత్రాలు ప్రారంభించారు. అక్కడ స్కాన్ ఉచితం. రద్దీ ఉంటుంది కాబట్టి 18వ వారం రాకముందే తేదీ తీసుకోవాలి.

రిపోర్టు, బొమ్మలు, సీడీ అన్నీ కాన్పు తర్వాత కూడా దాచిపెట్టాలి. నీటి గది 10 దాటిందని రాసిన ప్రతి బిడ్డకీ పుట్టాక మాడు మీది నుంచి ఒకసారి తల స్కాన్ చేస్తారు. మాడు మూసుకోకముందే చేయించాల్సిన పరీక్ష అది. పిల్లల డాక్టరు మొదట అడిగేది ఆ పాత రిపోర్టులోని కొలతే.